ఐదో దిమ్మ

"గా కట్టెలు నీళ్లు కాగవెట్టుటానికి తెచ్చిన. పోరి ఆటలకు గాదు."

బొగ్గు బావి నుంచి వచ్చి సైకిల్ గోడకు ఆనించే లోపే ఎల్లేశం ఈ మాట అనేస్తాడు. పూలమ్మ పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టం ఊదుతూ వింటుంది. జవాబు చెబితే వినే చెవులు ఆ క్వార్టర్‌లో లేవని ఆమెకు పెళ్లయిన మొదటి ఏడే తెలిసిపోయింది.

ఎల్లేశం టింబర్ మేస్త్రి. బావి లోపల బొగ్గు తీసిన దారిలో పైకప్పు మీద పడకుండా కట్టె దిమ్మలు కోసి నిలబెట్టడం అతని పని. కోయగా మిగిలిన ముక్కలు తువ్వాలలో మూట కట్టి ఇంటికి తెస్తాడు. కంపెనీ బొగ్గు ఇస్తుంది కానీ బొగ్గు రాజుకోవాలంటే ముందు కట్టె అంటుకోవాలి. ఆ మూట విప్పి ముడులున్నవీ పెచ్చులు లేచినవీ పొయ్యి దగ్గర పడేస్తుంది పూలమ్మ. నున్నటి ముక్కలు మాత్రం బియ్యం గంప వెనక దాస్తుంది. అత్త పడుకున్నాక వాటిని బట్టలుతికే బండ మీద ఇసుక పోసి అరగదీస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికే లేచి నల్లా దగ్గర బిందెలు వరసలో పెట్టడం, షిఫ్టుకు సద్ది కట్టడం, బొగ్గు మసి పట్టిన బట్టలు రెండు సార్లు ఉడకబెట్టడం, అతను వచ్చేసరికి కాగు నిండా వేడి నీళ్లు, వీపు రుద్దడం, పీట వెయ్యడం, అన్నం పెట్టడం. ఇన్నింటి మధ్య ఈ ఒక్క పనే ఎవరూ చెప్పకుండా ఆమె చేసేది. అందుకే అది ఆ ఇంట్లో అందరికీ కంటగింపు.

ఆ పీట సంగతి కూడా చెప్పాలి. టేకు పీట, నాలుగు మూలలా ఇత్తడి పువ్వులు. పెద్దపల్లి అవతల తల్లిగారింటి నుంచి పెళ్లిలో పూలమ్మతో పాటు వచ్చింది. వచ్చిన రోజు నుంచి దాని మీద ఎల్లేశం కూర్చున్నాడు, అతని అన్నలు కూర్చున్నారు, దేవుడి పండుగకు వచ్చిన పోతరాజు కూర్చున్నాడు. అత్త కనకవ్వకు మోకాళ్ల నొప్పులు, ఆమె కూడా కూర్చుంటుంది. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది పెట్టుకుని పూలమ్మ పొయ్యి పక్కన నేల మీద కూర్చుంటుంది. పన్నెండేళ్లుగా అంతే, అది ఎవరికీ వింతగా తోచలేదు.

ముక్కలతో ఆడేది కూతురు సారలమ్మ, పదేళ్లది, అయిదో తరగతి. పలక మీద లెక్క వేస్తే దాని కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. బడిలో లెక్కల సారు అందరి ముందు లేపి "దీని తలకాయల ఏమున్నది, బొగ్గు పొడా?" అన్నాడట. ఆ మాట ఇంటికి తెచ్చి పిల్ల ఏడ్చిన రోజే పూలమ్మ మొదటి ముక్కను అరగదీసింది. మూరెడు ముక్క ఒకటి, అందులో సగం రెండు, దానిలో సగం నాలుగు. "ఇగో, ఇది ఒక్కటి. దీని మీద గీ సగాలు పెట్టు. ఎన్ని పట్టినయి?" రెండు పట్టాయి. పావులు నాలుగు పట్టాయి. నెల తిరిగేసరికి పిల్ల అరుగు మీద తాముండే కంపెనీ లైన్ల క్వార్టర్లు కట్టింది, రామగుండం స్టేషన్ కట్టింది, గోదావరికి రెండు గట్లు కట్టి మధ్యలో నీళ్లు పోసి ఏ ఊరు ఏ దిక్కున ఉందో చెప్పింది. చివరికి వాళ్ల నాయన మాటల్లో విన్న బావినే కట్టింది. పగిలిన బంగళాపెంకు పైకప్పు, కింద వరసగా దిమ్మలు. ఎంత దూరానికి ఒకటి పెడితే పెంకు ఆగుతుంది, ఎంత దూరమైతే జారుతుంది అని పెట్టి తీసి పెట్టి తీసి చూసేది. రెండిళ్ల అవతల నుంచి పిల్లలు వచ్చి చుట్టూ చేరేవాళ్లు.

పూలమ్మ చదివింది మూడో తరగతి. కూడికలు, తీసివేతలు, ఎక్కాలు వచ్చు. భాగహారం మొదలుపెట్టే వారంలోనే వాళ్ల నాయన వచ్చి పత్తి ఏరడానికి బడి నుంచి లేపుకుపోయాడు. భాగహారమంటే మగపిల్లలకూ తెలివిగలవాళ్లకూ మాత్రమే పట్టుబడే విద్య అని అప్పటి నుంచీ ఆమె నమ్మకం. ఒక మధ్యాహ్నం పిల్ల పన్నెండు ముక్కలు తల్లి ముందుకు తెచ్చి మూడేసి చొప్పున వరసలు పేర్చి "నాలుగు వరసలు అవ్వా, పన్నెండును మూడుతోని భాగిస్తే నాలుగు" అంది. పూలమ్మ చేతిలో చాట అలాగే ఉండిపోయింది. ఇంతేనా? భాగహారమంటే ఇంతేనా? అన్నం గిన్నె ముందు రోజూ చేసే పని ఇదే కదా! ఈ మాత్రం దానికి ఇన్నేళ్లు నాకు ఏమీ రాదని తల దించుకుని బతికానా? ఆ రోజు ఆమెకు సంతోషం కంటే కోపమే ఎక్కువ వచ్చింది, ఎవరి మీద చూపాలో తెలియక బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది.

కనకవ్వకు ఈ ఆట గిట్టలేదు. కొడుకు డ్యూటీలో ఉన్నంతసేపు ఆ ఇంట్లో కూలింది, విరిగింది అనే మాటలు నోట రాకూడదు. రొట్టె విరిగినా "రెండైంది" అనాలి. అలాంటిది మనవరాలు ఇంటి అరుగు మీద బావి కట్టి దాని పైకప్పు జారవిడుస్తుంటే ముసలామెకు ప్రాణం కొట్టుకునేది. "ఆడివిల్ల బాయి గట్టుడేందే? ఎవ్వల కొంప ముంచుటానికి? నీ తల్లికి బుద్ధి లేదు, నీకు భయం లేదు" అని చీపురుతో ముక్కలన్నీ చిమ్మేసేది. పిల్ల ఒక్కో ముక్కా ఏరుకొచ్చేది.

అర్ధ సంవత్సరం పరీక్షలో ఒక లెక్క వచ్చింది. ఈ కొన నుంచి ఆ కొనకు పన్నెండు గజాల కంచె. రెండు కొనలతో సహా మూడు గజాలకొక గుంజ పాతాలి. ఎన్ని గుంజలు కావాలి? సారలమ్మ ఐదు అని రాసింది. సారు నాలుగు అని కొట్టేసి సున్నా పెట్టాడు. పిల్ల ఊరుకోలేదు, లేచి నిలబడి "మొదట్ల ఒకటి పాతాలె గద సార్" అంది. సారు బెత్తం తీశాడు. తర్వాత తల్లిని పిలిపించాడు.

పూలమ్మ ఉతికిన చీర కట్టుకుని వెళ్లింది. సారు కుర్చీలోంచి తల ఎత్తలేదు. "నీ బిడ్డకు లెక్క రాదు, పైగ ఎదురు మాట్లాడుతది. మీ ఇంట్ల గిదేనా నేర్పేది?"

"సార్, అది ముక్కలు పేర్చి చూసింది. ఐదే అయితున్నయి..."

"నువ్వేం చదివినవు?"

"మూడు."

"మరి?" అన్నాడు సారు, అక్కడున్న ఇంకో సారుతో కలిసి నవ్వాడు. "అమ్మా, బొమ్మరిల్లు గట్టుకుంటే చదువు రాదు. పోయి వంట చూసుకో. ఇంకోపారి గిట్ల అయితే దాని నాయిన్ని పిలిపిస్త."

బయటికి వస్తుంటే బడి కంచె కనిపించింది. పూలమ్మ నిలబడి లెక్క పెట్టింది. ఆరు ఖాళీలు, ఏడు గుంజలు. వెనక్కి వెళ్లి ఆ కుర్చీ ముందు నిలబడి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాలన్నంత కసి వచ్చింది. కానీ కాళ్లు ఇంటి వైపే నడిచాయి, ఎందుకంటే సాయంత్రం నాలుగింటికి కాగు దించాలి. ఆ రాత్రి భోజనాల దగ్గర సంగతి ఎల్లేశం చెవిన పడింది. పీట మీద కూర్చుని చెయ్యి కడుక్కుంటూ తీర్పు చెప్పాడు. "సారు మల్ల కబురు పంపిండంటే బడి బంద్. ఇంట్ల ఉండి పని నేర్చుకుంటది. నువ్వు చదివి ఏం ఏలినవు, అది చదివి ఏలుటానికి?"

అది జరిగిన పది రోజులకు వేళ గాని వేళ బావి సైరన్ మోగింది.

లైన్లలోని ఆడవాళ్లంతా ఎక్కడి పని అక్కడ వదిలేసి బావి మీదికి పరుగెత్తారు. పూలమ్మ పక్క క్వార్టర్ కుబ్రా బేగం చెయ్యి పట్టుకుని పరుగెత్తింది. ఇద్దరి మగవాళ్లూ ఒకే షిఫ్టు, బావిలో ఒకే దారి. పైకి తెచ్చిన స్ట్రెచర్ మీద వజీర్ ఉన్నాడు. కుబ్రా భర్త, దారి చివర బొగ్గు గోడ దగ్గర బొగ్గు నింపే మనిషి. పైకప్పు కూలి కుడి కాలు మోకాలి కింద నుజ్జయింది. వెనకే ఎల్లేశం నడిచి వచ్చాడు, ఒంటి మీద ఒక గీత కూడా లేదు. పూలమ్మకు ముందు ప్రాణం లేచొచ్చింది, వెంటనే పక్కన కుబ్రా కేక విని సిగ్గేసింది.

ఇంటికి రాగానే కనకవ్వ మనవరాలి జుట్టు పట్టుకుంది. "నీ ఆటనే తగిలింది! పెంకు ఎన్నిమాట్ల కూలవెట్టినవే? ఇయ్యాల వజీరు, రేపు నీ అయ్య!" పిల్ల నిజంగానే నమ్మింది. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు, ముక్కల జోలికి పోలేదు.

మూడో రోజు మధ్యాహ్నం కుబ్రా దవాఖాన నుంచి వచ్చి గోడ మీదుగా పూలమ్మను పిలిచింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. "పూలక్కా, మా ఆయనదే తప్పంటున్నరు. దిమ్మలన్నీ లెక్కగనే ఉన్నయంట, ఈయననే అవి దాటి ముందటికి పోయిండంట. ఎల్లుండి ఆఫీసర్లు వచ్చి అడుగుతరంట. తప్పు ఈయన మీద పడితే డ్యూటీ పోతది. క్వార్టర్ ఖాళీ చెయ్యమంటరు. నలుగురు పిల్లలతోని నేనేడికి పోవాలె?"

"ఎవ్వలన్నరు చెల్లే, లెక్కగ ఉన్నయని?"

కుబ్రా తల వంచుకుంది. "మీ ఆయననే చెప్పిండంట."

ఆ సాయంత్రం ఎల్లేశం స్నానం చేసి పీట మీద కూర్చున్నాడు. తల్లి అడిగింది, "బిడ్డా, నీ మీదికి రాదు గద?" అతను అన్నం కలుపుతూ అన్నాడు, "నా మీదికెందుకొస్తది? పన్నెండడుగుల దారి. మూడడుగులకొక దిమ్మ, నాలుగు దిమ్మలు. మా షిఫ్టు చూసే సర్దారుకు రాసిచ్చిన. లెక్కకు లెక్క సరిపాయె."

సారలమ్మ తలుపు దగ్గర కూర్చుని ఉంది. ఎవరూ పట్టించుకోలేదు. పిల్ల లేచి బియ్యం గంప వెనక నుంచి ముక్కలు తెచ్చి నాన్న ముందు నేల మీద పెట్టసాగింది. ఒకటి, మూడు వేళ్ల దూరంలో ఇంకొకటి, ఇంకొకటి, ఇంకొకటి. మెల్లగా పెంకు పెట్టింది. చివరి కొన కింద ఏమీ లేదు. అక్కడ వేలితో నొక్కగానే పెంకు ఒరిగి నేలకు తగిలింది. మూడు రోజుల తర్వాత దాని మొహంలో తేటదనం వచ్చింది, ఎందుకంటే వజీర్ చాచా కాలు తన ఆట వల్ల పోలేదని అప్పుడే దానికి అర్థమైంది.

"ఐదు గావాలె గద నాయినా. మొదట్ల ఒకటి పెడితె ఆఖరుకు కూడ ఒకటి పెట్టాలె. బొగ్గు గోడ కాడ ఐదోది పెట్టలేదా?"

ఎల్లేశం చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. పూలమ్మ అతని మొహం చూసింది. బడిలో సారు తెలియక తప్పు చేశాడు. ఈ మనిషికి తెలుసు. పదిహేనేళ్లు దిమ్మలు పెట్టినవాడికి ఐదోది ఎక్కడ ఉండాలో తెలియకపోవడమేమిటి? కట్టె అందలేదో, షిఫ్టు అయిపోతోందని తొందరపడ్డాడో, తర్వాతి షిఫ్టువాళ్లు పెడతారులే అనుకున్నాడో. ఇప్పుడు ఆ చిన్న భాగహారం వెనక దాక్కుని కాలు పోయినవాడి మీదికి తప్పు నెట్టేశాడు. అదంతా ఒక్క క్షణంలో అతని మొహం మీద కనపడింది, తర్వాత మూసుకుపోయింది.

ఎంగిలి చెయ్యితోనే కొట్టాడు. పిల్ల చెంప మీద ఐదు వేళ్లూ లెక్కగా తేలాయి. తర్వాత అతను లేచి ముక్కలన్నీ పోగుచేసి, గంప వెనకవి కూడా తీసి, పొయ్యిలో కుక్కాడు. పూలమ్మ ఏడాదిగా అరగదీసిన సగాలు, పావులు, క్వార్టర్లు, స్టేషన్, గోదావరి గట్లు. ఎండు కట్టె కదా, భగ్గున అంటుకుంది.

"రేపటి సంది దీనికి బడి లేదు. గీ మాట గడప దాటిందంటే తల్లీబిడ్డలిద్దర్ని పెద్దపల్లి బస్సు ఎక్కిస్త" అన్నాడు. చెయ్యి కడుక్కుని మళ్లీ పీట మీద కూర్చుని, "పెరుగెయ్యి" అన్నాడు.

పూలమ్మ పెరుగు వేసింది. ఆ సంగతి తలుచుకుంటే తర్వాత ఎన్నో ఏళ్లు ఆమెకు ఒళ్లు మండేది. కూతురి చెంప మీద ఆ ముద్ర చూస్తూ కూడా చెయ్యి అలవాటుగా వెళ్లి పెరుగు వేసింది.

తెల్లారి అతను షిఫ్టుకు వెళ్లాక పూలమ్మ కూతురికి జడ వేసి పలక చేతికిచ్చింది. "అవ్వా, నాయిన వద్దన్నడు గద" అంది పిల్ల. "నేను పొమ్మంటున్న" అంది పూలమ్మ. కనకవ్వ గుండెలు బాదుకుంటూ లైన్ చివర ఉన్న పెద్ద కొడుకు ఇంటికి చాడీలు చెప్పడానికి బయలుదేరింది. ఇల్లు ఖాళీ అయింది.

ఆమెకు భయం లేదంటే అబద్ధం. నోరు తెరిస్తే ఎల్లేశం మేస్త్రి పని ఊడవచ్చు. ఈ క్వార్టర్ పోతుంది. పెద్దపల్లి బస్సు అన్నది ఉత్త బెదిరింపు కూడా కాదు, అన్నంత పనీ చేస్తాడు, తల్లిగారింట్లో వదిన మొహం ఎలా ఉంటుందో కూడా తెలుసు. నోరు మూసుకుంటే ఏమవుతుంది? కుబ్రా నలుగురు పిల్లలతో సామాను రోడ్డు మీద పెట్టుకుంటుంది. సారలమ్మ ఇంట్లో గిన్నెలు తోముతూ, తను చెప్పింది తప్పేనేమోనని జీవితమంతా అనుకుంటూ ఉంటుంది. నేను అనుకున్నట్టే. ఐదును ఐదు అన్నందుకు బడిలో బెత్తం, ఇంట్లో చెంపదెబ్బ. తప్పు లెక్క చెప్పిన ఇద్దరు మగవాళ్లు మాత్రం ఒకడు కుర్చీలో, ఒకడు పీట మీద.

పూలమ్మ పీట వంక చూసింది. తెచ్చి నేల మీద వేసి, దాని మీద కూర్చుంది. పన్నెండేళ్లలో మొదటిసారి. గొప్పగా ఏమీ అనిపించలేదు, కొంచెం ఎత్తు, అంతే. కాసేపు కూర్చుని లేచి మంచం కింది నుంచి అతని ఇంటి రంపం తీసింది.

టేకు తొందరగా తెగలేదు. అరచేతులు బొబ్బలెక్కాయి, రెండు సార్లు రంపం జారింది. పీట కాళ్లు ఊడగొట్టి, చెక్కను సగానికి కోసింది. ఆ రెండు సగాల్నీ సగానికి. వాటిని మళ్లీ సగానికి. ఎనిమిది ముక్కలు. అంచులు బండ మీద అరగదీసే ఓపిక లేదు, అలాగే తువ్వాలతో దులిపింది. ఆ రోజు ఇక పొయ్యి వెలిగించలేదు.

బడి నుంచి వచ్చిన సారలమ్మ తలుపు దగ్గరే ఆగిపోయింది. ఇత్తడి పువ్వున్న ఒక ముక్కను తీసి అటూ ఇటూ తిప్పింది. "అవ్వా, ఇది అరపావు" అంది. "అవును బిడ్డా" అంది పూలమ్మ.

నాలుగింటికి సైకిల్ గోడకు ఆనింది. అతను నేరుగా పెరట్లోకి వెళ్లి కాగులో చెయ్యి పెట్టాడు. "ఏమే, నీళ్లు సల్లగున్నయేంది?"

"కట్టెలన్నీ రాత్రే కాలవెడ్తివి."

బొగ్గు మొహంతో లోపలికి వచ్చాడు. నేల మీద పొట్టు, పక్కన రంపం, ఎనిమిది ముక్కలు కనపడ్డాయి. వాటి మీద ఇత్తడి పువ్వులు చూసి గానీ అవి ఏమిటో పోల్చుకోలేదు. చెయ్యి ఎత్తాడు కానీ ఎప్పటిలా ఆమె తల పక్కకు తిప్పుకోలేదు. ఎత్తిన చెయ్యి ఏం చెయ్యాలో తెలియనట్టు అలాగే ఉండిపోయింది.

"పిచ్చి లేసిందా? ఇగ నేను దేని మీద కూసోని తినాలె?"

"భూమ్మీద. పన్నెండేండ్ల సంది నేను తింటున్న గద, ఏం గాలేదు."

పూలమ్మ వంగి ఎనిమిదిలో ఐదు ముక్కలు ఏరి కొంగులో వేసుకుంది. పెంకు ముక్క సారలమ్మ చేతికిచ్చి, ఇంకో చెయ్యి పట్టుకుని గడప దాటింది. పక్క క్వార్టర్ అరుగు మీద కుబ్రా పిల్లల మధ్య కూర్చుని ఉంది.

"ఏడికే?" వెనక నుంచి ఎల్లేశం గొంతు మొదటిసారి సన్నగా వచ్చింది.

"రేపు ఆఫీసర్లు అడుగుతరు గద," అంది పూలమ్మ, వెనక్కి తిరగకుండానే. "ఐదో దిమ్మ ఏడ ఉండాల్నో కుబ్రాకు నేర్పిచ్చొస్త."